మావయ్య డాలర్ల పెన్షన్

మా మావయ్య న్యూజెర్సీలో ఉద్యోగం చేసి, గ్రీన్ కార్డు వదిలేసి పర్లాకిమిడి వచ్చేశారు. పాత కంపెనీ పెన్షన్ నెలకు 1,000 డాలర్లు. చేతికొచ్చేది 700.

"అక్కడ 30 శాతం కోసేశారు కదరా, ఇక్కడి పన్నులో అది తగ్గించమని క్రెడిట్ అడుగుదాం" అన్నారు. ముందు చూసిన కన్సల్టెంట్ కూడా ఆ క్రెడిట్ ఫారం వేసేద్దామన్నాడట. అక్కడే తిరకాసు.

భారత్-అమెరికా పన్ను ఒప్పందం 20వ అధికరణం ప్రకారం ప్రైవేటు పెన్షన్ మీద పన్ను వేసేది మనిషి నివాసముండే దేశమే, అంటే మనమే. ఒప్పందం ప్రకారం పడాల్సినదానికి మించి అక్కడ కట్టిన పన్నుకు ఇక్కడ క్రెడిట్ రాదు, మన ఆదాయపు పన్ను నిబంధనలు అదే చెబుతాయి. కంపెనీకి డబ్ల్యూ-8బెన్ (నేను అమెరికా నివాసిని కాను, ఒప్పందం నాకు వర్తిస్తుంది అని చెప్పే ఫారం) పంపి కోత ఆపించాలి, పోయినది 1040-ఎన్‌ఆర్ అనే అక్కడి పన్ను రిటర్ను వేసి అమెరికా నుంచే వెనక్కి తెచ్చుకోవాలి. సోషల్ సెక్యూరిటీ (అమెరికా ప్రభుత్వమిచ్చే పెన్షన్) లెక్క వేరు, దాని మీద పన్ను హక్కు అమెరికాదే.

ఇక్కడి రిటర్నులో మాత్రం చూపాల్సింది 8,400 కాదు, ఏడాదికి పూర్తి 12,000. మావయ్య ముఖం వాడిపోయింది. రూపాయల్లోకి మార్చడానికి ఏ నెలకానెల, ముందు నెల చివరి రోజు స్టేట్ బ్యాంకు టీటీ కొనుగోలు రేటు (బ్యాంకు డాలర్లు కొనే రేటు) తీసుకోవాలి. పన్నెండు రేట్లు వెతికేసరికి నా ఆదివారం కాస్తా అయిపోయింది. అత్తయ్య బరంపురం అప్పడాలు వేయించి పెట్టింది కాబట్టి సరిపోయింది.

డబ్ల్యూ-8బెన్ మీద సంతకం మావయ్య మూడుసార్లు చేశారు. మొదటి రెండుసార్లూ అలవాటుగా పాత న్యూజెర్సీ అడ్రసే రాశారు మరి.