ఈ స్ప్లింట్ ఎందుకు?

ఈ దేశం వచ్చి స్ట్రోక్ (పక్షవాతం) వార్డులో ఆక్యుపేషనల్ థెరపిస్టుగా, అంటే పేషెంట్లు తమ రోజువారీ పనులు మళ్లీ చేసుకునేలా చూసే ఉద్యోగంలో, చేరిన మూడో నెల. చేతిని వంగిపోకుండా నిలిపి ఉంచే స్ప్లింట్ చేస్తున్నాను. వేడినీళ్ల ట్రేలో ప్లాస్టిక్ షీటు మెత్తబడి, తెల్లదనం పోయి గాజులా మారింది. తీసి, తుడిచి, పేషెంటు ముంజేతి మీద పరిచి బొటనవేళ్లతో అరచేతి వంపులోకి నొక్కుతున్నాను. గట్టిపడేలోపు ఉండేది కొద్ది నిమిషాలే. కొత్తచోట నాకు ధైర్యంగా ఉన్న పని అదొక్కటే. మాట తడబడినా చేయి తడబడదు.

పక్కన నిలబడి చూస్తున్న కుర్ర థెరపిస్టు అడిగింది, "ఇది ఎందుకు వేస్తున్నారు?"

"మణికట్టు బిగుసుకుపోకుండా."

"వేస్తే బిగుసుకోదని ఎలా తెలుసు?"

ఒళ్లు మండింది. పదకొండేళ్లుగా వేస్తున్నాను. మా మేడమ్ వేసేవారు, ఆవిడకి వాళ్ల సార్ నేర్పారు. నేను చదివిన కాలేజీలో సీనియర్ చెప్పింది రాసుకోవడమే. ఎలా తెలుసని అడిగితే పొగరు కింద లెక్క. ఈ పిల్ల అడిగిన దాంట్లో వెటకారం లేదని నాకు అర్థం కావడానికి వారం పట్టింది.

ఆ వారమే, పరిశోధనలు చదివి చర్చించుకునే జర్నల్ క్లబ్బులో, ఒక పేపరు నా చేతిలో పెట్టింది. 2007లో ఆస్ట్రేలియా నుంచి నటాషా లానిన్ బృందం ప్రచురించినది. స్ట్రోక్ వచ్చి ఎనిమిది వారాలు దాటని 63 మందిని లాటరీ తీసినట్టు మూడు గుంపులు చేశారు. రెండు గుంపులకి రెండు రకాల స్ప్లింట్లు, రాత్రిపూట, 4 వారాలు. మూడో గుంపుకి స్ప్లింటే లేదు. చివర్లో మణికట్లు కొలిస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు. లానిన్ కూడా ఆక్యుపేషనల్ థెరపిస్టే. బయటివాళ్లెవరో చెప్పుంటే కొట్టిపారేసేదాన్ని.

మరి నేను కళ్లారా చూసిన బాగుపడ్డ చేతులో? అవి స్ప్లింట్ లేకపోయినా బాగుపడేవేమో! వేయకుండా వదిలేసిన చేతిని నేనెప్పుడు చూశాను గనక, పోల్చుకోవడానికి? ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అలాగని పేపరుకి దండం పెట్టి ఊరుకోలేదు లెండి. వాళ్లు తేల్చింది బిగువు సంగతి. గోళ్లు గుచ్చుకుని అరచేతిలో పుండు పడే పిడికిలి సంగతి వేరు. అలాంటి చేతిలో మెత్తటి రోల్ ఇప్పటికీ పెడుతున్నాను, ఎందుకు పెడుతున్నానో ఫైల్లో రాసి మరీ.

ఆ రోజు స్ప్లింట్ వేయించుకున్న పెద్దాయన గడియారాలు బాగుచేసేవాడు. డిశ్చార్జి నాటికి ఆయన బార్తెల్ స్కోరు 45 నుంచి 80కి ఎక్కింది. 1965 నుంచీ ఉన్న కొలత అది. తినడం, స్నానం, మెట్లెక్కడం లాంటి పది అంశాలు, మొత్తం 100 మార్కులు. టీమ్ మీటింగులో అందరం మురిసిపోయాం. ఆయన మాత్రం గోడవైపు తిరిగి పడుకున్నాడు. ట్వీజర్ పట్టలేని వేళ్లకి ఆ ఫారంలో గడి లేదు.

కెనడాలో పుట్టిన పద్ధతి ఇంకోటుంది, సీఓపీఎం (కెనడియన్ ఆక్యుపేషనల్ పెర్ఫార్మెన్స్ మెజర్) అంటాం. తనకి ఏ పనులు ముఖ్యమో పేషెంటే చెప్పాలి, ఎంత బాగా చేస్తున్నాడో, ఎంత తృప్తిగా ఉందో పదికి మార్కులు తనే వేసుకోవాలి. బాగానే ఉంది. కానీ ఇంగ్లిష్ ఆయనదీ కాదు, నాదీ కాదు. నా తెలుగు బుర్రలోంచి ఇంగ్లిష్‌లోకి, ఫోన్లో ఇంటర్‌ప్రెటర్ నోట ఆయన భాషలోకి వెళ్లేసరికి 'తృప్తి' ఏమైపోయిందో!

"నర్సులు చాలా బాగా చూస్తున్నారట. పదికి పది అంటున్నారు," అన్నాడు ఇంటర్‌ప్రెటర్.

పది వేయబోయి ఆగాను. ఫోను పక్కన పెట్టి, నా వాచీ తీసి ఆయన ముందున్న టేబుల్ మీద ఉంచాను, పక్కనే ట్వీజర్. ఆయన లేచి కూర్చున్నాడు. పట్టీ పిన్ను పట్టుకోబోయాడు. ట్వీజర్ జారి కింద పడింది. నేను తీసిచ్చాను. మళ్లీ జారింది.

"వన్," అన్నాడు, ఇంగ్లిష్‌లోనే.