రెండు బంతులు కోసేసిన వీడియో

మళ్ళీ సెప్టెంబరు 25 వచ్చింది, మళ్ళీ అదే వీడియో తిరిగింది. మయామీ మార్లిన్స్ అనే అమెరికా బేస్‌బాల్ జట్టు పిచర్ (బంతి విసిరేవాడు) హోసే ఫెర్నాండెజ్ 2016లో పడవ ప్రమాదంలో పోయిన రోజిది, వీడియో ఆ మర్నాటి ఆటది. పొద్దున్నుంచీ ఫోను మోగుతూనే ఉంది. ఆఖరికి భోజనాల దగ్గర మా చిన్నోడు కూడా అదే తెచ్చి మొహం మీద పెట్టాడు. అతని జట్టువాడు డీ గోర్డన్ బ్యాటు ఊపుతాడు, బంతి కుడివైపు పై అంతస్తులో పడుతుంది, అతను ఏడుస్తూ బేసులన్నీ చుట్టి వచ్చి డగౌట్లో అందరి మీదా పడిపోతాడు. అంతే, అయిపోయింది. వెనకాల ఏడుపు సంగీతం ఒకటి.

ఎవరో మహానుభావుడు మొదటి రెండు బంతులూ కోసేశాడు. అసలు సంగతంతా ఆ మొదటి బంతిలో ఉంటే! అది తీసేస్తే మిగిలేది ఒక హోమ్ రన్, మన సిక్సర్ లాంటిది. సీజన్లో రోజుకి పాతికో ముప్పైయో పడతాయి అలాంటివి.

హోసే ఫెర్నాండెజ్ గురించి ఇక్కడ చాలాసార్లు వాగాను కాబట్టి మొదట్నుంచీ చెప్పను. కానీ ఆ సోమవారం సంగతి మాత్రం పూర్తిగా రాసుకుంటే గానీ నిద్ర పట్టేలా లేదు. మావారికి బేస్‌బాల్ అంటే ఇప్పటికీ గోళీలాటతో సమానం, ఆయన ఎప్పుడో గురక మొదలెట్టారు.

2016 సెప్టెంబరు 26. అతను పోయింది ఆదివారం తెల్లవారుజామున, 24 ఏళ్ళకి. ఆ రోజు అట్లాంటాతో ఆట రద్దు చేశారు. సోమవారం మయామీలోనే న్యూయార్క్ మెట్స్‌తో ఆట. మార్లిన్స్ ఆటగాళ్ళందరి వీపు మీదా ఒకటే పేరు, ఒకటే నంబరు: ఫెర్నాండెజ్, 16. స్కోరు రాసుకునేవాళ్ళ కష్టం ఊహించండి, నంబరు చూసి మనిషిని గుర్తుపట్టే వీల్లేదు, నిలబడ్డ చోటుని బట్టి రాసుకోవాల్సిందే. మెట్స్ తరఫున పిచర్ బార్టోలో కొలోన్, 43 ఏళ్ళవాడు.

గోర్డన్ ఎడమచేతి వాటం బ్యాటరు. ఆ రోజు మొదటి బ్యాటరుగా వచ్చి కుడిచేతి వాటం వాళ్ళు నిలబడే గడిలోకి వెళ్ళాడు. నెత్తిన ఫెర్నాండెజ్ హెల్మెట్. నిలబడిన తీరు కూడా ఫెర్నాండెజ్‌దే. ఒక బంతి వదిలేశాడు, బాల్ (గురి తప్పిన బంతి) అని పిలిచాడు అంపైరు. అప్పుడు అవతలి గడికి మారాడు, తన వైపుకి. ఇంకో బంతి, అదీ బాల్. మూడోది పై అంతస్తులోకి. ఆ సీజన్ మొత్తంలో అతను కొట్టిన హోమ్ రన్ అదొక్కటే.

అలా మధ్యలో వైపు మారొచ్చా అని అడిగాడు చిన్నోడు. మారొచ్చు. బంతికీ బంతికీ మధ్య ఎన్నిసార్లైనా మారొచ్చు. పిచర్ విసరడానికి సిద్ధమై నిలబడ్డాక మాత్రం ఈ గడిలోంచి ఆ గడిలోకి అడుగు వేస్తే అవుటే. హెల్మెట్ విషయం వేరు. దానికి చెవిని కప్పే రెక్క ఒకటి ఉంటుంది, అది పిచర్ వైపు ఉన్న చెవి మీద ఉండాలి. కుడివాటం వాళ్ళకి ఎడమ చెవి, ఎడమవాటం వాళ్ళకి కుడి చెవి. కుడివాటం హెల్మెట్ పెట్టుకుని ఎడమవాటంగా నిలబడితే బంతి వచ్చే వైపు చెవి బోసిగా ఉండిపోతుంది. గంటకి 90 మైళ్ళతో వచ్చే బంతి ముందు అలా ఎవరూ నిలబడరు.

స్కోరు పుస్తకంలో దీన్ని ఎలా రాస్తారో చూస్తే ఇంకా చిరాకు. పేజీలో బ్యాటరు పేరు పక్క గడిలో ఒక మూల చిన్న చిన్న పెట్టెలుంటాయి, బాల్స్‌కి మూడు, స్ట్రైకులకి (గురిలో పడ్డవీ, ఊపి తప్పినవీ) రెండు. బాల్స్ వరుసలో రెండు గుర్తులు పెట్టి, హోమ్ రన్ కాబట్టి నాలుగు బేసుల గీతలూ గీసి ఆ వజ్రం బొమ్మ నింపేస్తే సరిపోయింది. ఏ వైపు నిలబడ్డాడు అనేదానికి పెట్టె లేదు. రాయాలనుకున్నవాళ్ళు అంచులో రాసుకోవాలి: ‘మొదటి బంతి కుడివాటం’ అని. అది రాయకపోతే పదేళ్ళ తర్వాత ఆ పేజీ చూసినవాళ్ళకి ఏమీ తెలియదు. వీడియో కోసినవాడు చేసింది సరిగ్గా అదే.

ఇక రెండో చిరాకు. “కొలోన్ కావాలనే మెత్తగా వేశాడంట కదా” అన్నాడు చిన్నోడు. ఏటా ఎవరో ఒకరు అంటారు ఈ మాట. కొలోన్‌కి అప్పటికి ఉన్నదే ఫాస్ట్ బాల్. పది బంతుల్లో ఎనిమిదికి పైగా అదే వేసేవాడు, వేగం కూడా పెద్దగా ఉండేది కాదు. రెండు బాల్స్ అయి ఒక్క స్ట్రైకూ పడకపోతే, ఎదురుగా ఉన్నది హోమ్ రన్లు కొట్టని బక్కపల్చటి బ్యాటరు అయితే, ఏ పిచరైనా నడిమధ్యకే వేస్తాడు. నాలుగు బాల్స్ వేసి ఊరికే మొదటి బేసుకి నడిపించడం (వాక్) కంటే అది నయం. పైగా మెట్స్ అప్పుడు వైల్డ్ కార్డు (నాకౌట్లకి అదనపు చోటు) కోసం కొట్టుకుంటున్నారు, ప్రతి ఆటా కావాలి వాళ్ళకి. జాలితో పరుగు ఇచ్చే వారం కాదది. ఆట మార్లిన్స్ 7-3తో గెలిచారు. గెలిచాక అందరూ మౌండ్ (పిచర్ నిలబడే దిబ్బ) చుట్టూ మోకాళ్ళ మీద కూర్చుని టోపీలు అక్కడే వదిలి వెళ్ళారు. అది మాత్రం అన్ని వీడియోల్లోనూ ఉంటుంది, పోనీలే.

లెక్కల సంగతీ ఒకసారి చూద్దాం. ఇవాళ ఒకచోట ఫెర్నాండెజ్ సగటు, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కి ఇచ్చిన పరుగులు, తప్పుగా కట్టి, దాని మీద పెద్ద చర్చ. బేస్‌బాల్లో 471.1 ఇన్నింగ్స్ అంటే నాలుగువందల డెబ్భై ఒకటీ, ఇంకొక ఇన్నింగ్స్‌లో మూడోవంతు. చుక్క తర్వాత ఉన్నది అవుట్ల సంఖ్య, ఇన్నింగ్స్‌కి మూడు అవుట్లు. మన వన్డేల్లో 49.3 ఓవర్లంటే నలభై తొమ్మిదిన్నరే గానీ 49 పాయింట్ 3 కాదు కదా, అదే పద్ధతి. అతనిచ్చిన ఎర్న్‌డ్ రన్స్ (ఫీల్డర్ల తప్పు వల్ల కాక వచ్చిన పరుగులు) 135. దాన్ని తొమ్మిదితో గుణించి 471.33తో భాగిస్తే 2.58 వస్తుంది. ఇన్నింగ్స్ ఎక్కువైన కొద్దీ ఈ తప్పు కనబడదు, కానీ ఒక్క ఆటకో రెండు ఆటలకో కడితే సగటు మొత్తం తేలిపోతుంది. స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైకులతో తీసిన అవుట్లు) 589, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కి పదకొండు పైన. 2016 ఒక్కదానిలోనే 182.1 ఇన్నింగ్స్‌లో 253.

ఇంకోటి. సొంత మైదానంలో 29 గెలుపులు, 2 ఓటములు అని అందరూ చెబుతారు. నిజమే, నమ్మలేని లెక్క. మొత్తం 38-17 కదా, తీసేసి చూడండి: బయట 9-15. ఈ రెండోది ఎవరూ చెప్పరు. చెబితే అతను చిన్నవాడైపోతాడని భయం కాబోలు. నాకైతే అదీ ముచ్చటే, ఇంటి దగ్గర పులి. లిటిల్ హవానాలో ఆ మైదానం, చుట్టూ క్యూబా వాళ్ళు. శాంటా క్లారాలో పుట్టి, పడవలో పారిపోబోయి మూడుసార్లు విఫలమై, నాలుగోసారి 2008లో బయటపడ్డవాడు వాళ్ళకి ఇంటి పిల్లాడు కాక ఏమవుతాడు. ఆ నాలుగోసారే రాత్రి సముద్రంలో ఎవరో పడిపోతే, ఎవరో ఏమిటో చూడకుండా దూకేశాడు. ఈదుకుంటూ దగ్గరకి వెళ్ళాక తెలిసింది వాళ్ళమ్మ అని. అప్పటికి అతనికి 15 ఏళ్ళు.

మెక్సికో మీదుగా టాంపా, అక్కడ హైస్కూలు, 2011 డ్రాఫ్టులో (జట్లు వంతులవారీగా కొత్తవాళ్ళని ఎంచుకునేది) 14వ ఎంపిక. 2013లో ఇద్దరు పిచర్లకి దెబ్బలు తగిలితే, డబుల్-ఏలో (పై లీగుకి రెండు మెట్లు కిందది) ఒక్క బంతీ వెయ్యని 20 ఏళ్ళ కుర్రాణ్ణి నేరుగా పైకి లాగారు. ఏప్రిల్ 7న ఇదే మెట్స్ మీద మొదటి ఆట: అయిదు ఇన్నింగ్స్, ఎనిమిది స్ట్రైకౌట్లు. ఆ ఏడు రూకీ ఆఫ్ ది ఇయర్, అంటే ఉత్తమ కొత్త ఆటగాడు. మరుసటి ఏడు మోచేతి లిగమెంటు తెగి టామీ జాన్ ఆపరేషను. ఒంట్లో ఇంకోచోట నుంచి తీసిన స్నాయువుని మోచేతి ఎముకల్లో బెజ్జాలు వేసి అల్లుతారు. ఏడాదికి పైగా పడుతుంది మళ్ళీ మౌండ్ ఎక్కడానికి. 2015 జులై 2న తిరిగొచ్చి ఆట గెలవడమే కాక బ్యాటు పట్టి హోమ్ రన్ కూడా కొట్టాడు! పిచరై ఉండి. ఆ నవ్వు చూడాలి.

నవ్వు అంటే గుర్తొచ్చింది, టులోవిట్స్కీ అనే కొలరాడో బ్యాటరు ఒకసారి తూటాలాంటి బంతి తిరిగి ఇతని మీదికే కొడితే గ్లవ్‌లో ఇట్టే పట్టేశాడు. నిజంగా పట్టావా అన్నట్టు టులోవిట్స్కీ అడగడం, పట్టానుగా అన్నట్టు ఇతను పళ్ళన్నీ బయటపెట్టి నవ్వడం. గెలిచినందుకు నవ్వేవాళ్ళుంటారు, ఇతను ఆడుతున్నందుకు నవ్వేవాడు. 2013లో బ్రేవ్స్ మీద మొదటి హోమ్ రన్ కొట్టి దాన్నే చూస్తూ నిలబడిపోతే ఆ జట్టు క్యాచర్ మెకాన్ ఇంటి ప్లేటు దగ్గరే నిలదీశాడు, రెండు జట్లూ మైదానంలోకి వచ్చేశాయి. ఆట అయ్యాక వెళ్ళి క్షమాపణ చెప్పాడు.

ఇప్పుడు అసలు గోల. ఇవాళ ఆ వీడియో కింద ఎవరో ఆ పడవ ప్రమాదం రిపోర్టు పెట్టారు. 2017 మార్చిలో ఫ్లోరిడా వన్యప్రాణి శాఖ ఇచ్చింది, పడవ ప్రమాదాలు అక్కడ వాళ్ళే చూస్తారు. పడవ నడిపింది ఫెర్నాండెజే అని తేల్చారు. రక్తంలో ఆల్కహాల్ 0.147, చట్టం ఒప్పుకునేది 0.08. కొకైన్ కూడా. ఈ ఒక్క రోజైనా అది ఎత్తకుండా ఉండలేరా, మిగతా 364 రోజులూ సరిపోవా అని నాలుగు వాక్యాల జవాబు టైపు చేసి పెట్టుకున్నాను.

పంపలేదు. పైన ఇంత రాశాక ఇంకా పంపబుద్ధి కావడం లేదు. మొదటి బంతి కోసేశారని ఇంత తిట్టాను కదా. ఆ రిపోర్టు తీసెయ్యమనడం కోత కాకపోతే ఏమిటి?

మయామీ బీచ్ దక్షిణం కొసన గవర్నమెంట్ కట్ అని ఓడలు వచ్చే కాలువ ఉంది. దానికి రెండువైపులా సముద్రంలోకి పొడుచుకెళ్ళే రాళ్ళ గట్లు. రాత్రిపూట నీళ్ళకీ రాళ్ళకీ తేడా తెలియదు, అందుకే అక్కడ వేగం తగ్గించి, దీపాల వరస పట్టుకుని వెళ్ళాలి. ఆ పడవ 65 మైళ్ళ వేగంలో ఉంది. అంటే సెకనుకి 95 అడుగులు. రాయి కనబడి, అది రాయని తెలిసి, చేయి కదిపేలోపు మూడు సెకన్లు పోయినా 280 అడుగుల పైమాటే. మందు తాగని మనిషికే కష్టం. పడవలో ఇంకా ఇద్దరున్నారు, ఒకరికి 27, ఇంకొకరికి 25. ముగ్గురూ పోయారు. ఆ ఇద్దరి కుటుంబాలూ ఫెర్నాండెజ్ ఆస్తి మీద దావా వేశాయి. వాళ్ళింట్లో కూడా ఇవాళ సెప్టెంబరు 25వ తేదీయే.

ఆస్ట్రేలియా క్రికెటర్ ఫిలిప్ హ్యూస్ ఆటలో బంతి తగిలి పోయినప్పుడు మనవాళ్ళు కూడా గుమ్మాల బయట బ్యాట్లు పెట్టారు. 63 నాటౌట్. ఆ దుఃఖంలో ఎవరి తప్పూ లేదు, బంతి వేసిన కుర్రాడి మీద కూడా అందరూ జాలే పడ్డారు. ఇక్కడ అలా కాదు. ఫెర్నాండెజ్ కూతురు 2017 ఫిబ్రవరిలో పుట్టింది, నాన్నని చూడనే లేదు. ఆ పాపకీ జాలిపడాలి, ఆ ఇద్దరికీ జాలిపడాలి, వాళ్ళని పడవ ఎక్కించుకున్నవాడి మీద కోపమూ రావాలి, మళ్ళీ ఆ నవ్వూ చూడాలి. ఇవన్నీ ఒకేసారి ఎలా చేస్తారో నాకు తెలియదు. జవాబు తుడిచేశాను.

ఇంకొకటి మాత్రం మనసులో గుచ్చుకుంటూనే ఉంది. అతని చివరి ఆట 2016 సెప్టెంబరు 20న, వాషింగ్టన్ మీద: ఎనిమిది ఇన్నింగ్స్, 12 స్ట్రైకౌట్లు, ఒక్క వాకూ లేదు, 1-0 గెలుపు. ఆ లెక్కన తర్వాతి వంతు ఆదివారం, 25. దాన్ని ఒక రోజు వెనక్కి జరిపి సోమవారానికి పెట్టారు. మర్నాడు వెయ్యాల్సిన స్టార్టరు (ఆట మొదలుపెట్టే పిచర్) ముందురోజు రాత్రి బయట తిరగడు, అందుకని అభిమానులు ఆ ఒక్క రోజునే పట్టుకుని వేలాడతారు. కానీ సెప్టెంబరులో, అదీ మోచేతికి ఆపరేషనైన చేతికి, అదనంగా ఒక రోజు విశ్రాంతి ఇవ్వడం ప్రతి జట్టూ చేసేదే. నేను మేనేజరునైనా అదే ఇచ్చేదాన్ని. సోమవారం అతని వంతుకి ఆడమ్ కాన్లే వేశాడు.