కానుక వేసే చేతికి లెక్క అడిగే హక్కు లేదా?

గుంటూరు, విజయవాడల్లో గత ముప్పై నలభై ఏళ్లుగా వెలసిన స్వతంత్ర క్రైస్తవ సంఘాలలో చాలావాటికి ఒక పోలిక ఉంది. ఆదివారం కానుకల సంచి ఎవరి ముందుకు వస్తుందో, ఆ సొమ్ము ఏమైందని అడగడానికి వారికి మాత్రం సంఘంలో చోటు లేదు. నేను ఈ సంఘాల మధ్యే పెరిగాను, ఇప్పటికీ ప్రతి ఆదివారం ఆరాధనకు వెళ్తున్నాను, కాబట్టి ఇది ఇంటివాడి బాధగా చదవమని కోరుతున్నాను.

ఈ పరిస్థితికి మూలం సంఘం పుట్టే తీరులోనే ఉంది. ఒక దైవజనుడు, అంటే మేము అయ్యగారు అని పిలిచే పాస్టరు, అద్దె గదిలో పది కుటుంబాలతో ప్రార్థన మొదలుపెడతారు. ఆ తొలి రోజుల్లో ఆయన పడే కష్టం నిజమైనదే, దాన్ని తక్కువ చేయను. సంఘం పెరిగి, రేకుల షెడ్డు వేసి, స్థలం కొనే రోజు వచ్చేసరికి రిజిస్ట్రేషన్ అవసరమవుతుంది. అప్పుడు ఒక ట్రస్టో సొసైటీయో ఏర్పడుతుంది. ఆ కాగితాలలో అధ్యక్షులు అయ్యగారు, కార్యదర్శి ఆయన భార్య అమ్మగారు, కోశాధికారి పెద్దబ్బాయి, మిగిలినవారు దగ్గరి బంధువులు. సొసైటీ అయితే ఏటా సర్వసభ్య సమావేశం జరపాలని, లెక్కలు ఆడిట్ చేయించాలని 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం చెబుతుంది. అయితే ఆ చట్టం దృష్టిలో సభ్యులంటే పుస్తకంలో పేరున్న ఆ కొద్దిమందే. బాప్తిస్మం పొంది, ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకొని, మందిరం గోడలు లేవడానికి ఏళ్ల తరబడి డబ్బిచ్చిన వందల కుటుంబాల పేర్లు ఆ పుస్తకంలో ఉండవు. అయ్యగారి తరువాత ఆయన కుమారుడే కాపరి కావడం, మందిరం ఆస్తి ఆ కుటుంబంలోనే నిలవడం ఇక్కడినుంచే వస్తున్నాయి. ఇశ్రాయేలీయులను నడిపించిన మోషేకు ఇద్దరు కుమారులున్నా, నాయకత్వం వేరే గోత్రానికి చెందిన యెహోషువకు వెళ్లిందన్న సంగతి మన ప్రసంగాలలో ఎందుకు వినబడదో నాకు అర్థం కాదు.

మా వీధిలో ఉండే ఒక పెద్దమ్మ మిర్చి గోడౌన్లలో కాయల తొడిమలు తీసే పనికి వెళ్తుంది. భర్త పోయి చాలా కాలమైంది. ఎన్ని కిలోలు తీస్తే అంత కూలి. సాయంత్రానికి వేళ్ల మంట ఎంతగా ఉంటుందంటే, కొబ్బరినూనె పట్టించి చాలాసేపు కూర్చుంటే తప్ప అన్నం కలుపుకోలేదు. ఆమె బైబిలులో సంఘం పేరు అచ్చువేసిన దశమభాగపు కవరు, అంటే సంపాదనలో పదో వంతు దేవునికిచ్చే కవరు, ఒకటి ఉంటుంది. దాని మీద పన్నెండు నెలలకు పన్నెండు గళ్లు, ప్రతి గడిలో ఆ నెల ఇచ్చిన మొత్తం. సీజను లేని నెలల్లో గడి ఖాళీగా ఉంటే, మరుసటి నెలలో రెండూ కలిపి ఇవ్వాలని ఆమె తాపత్రయం, ఎందుకంటే దశమభాగం ఇవ్వనివాడు దేవుని దగ్గర దొంగిలిస్తున్నాడని మలాకీ మూడవ అధ్యాయం తీసి ఆమెకు పదేపదే చెప్పారు. ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయం మాత్రం ఆమెకు ఎవరూ చదివి వినిపించలేదు. మూడేళ్లకొకసారి ఆ పదవ భాగాన్ని ఊరిలోనే ఉంచాలని, మందిర సేవ చేసే లేవీయులతో పాటు పరదేశులు, తండ్రిలేనివారు, విధవరాండ్రు దాన్ని తిని తృప్తిపొందాలని అక్కడ స్పష్టంగా ఉంది. ఆ ధర్మం ప్రకారం ఈ పెద్దమ్మ పుచ్చుకోవలసిన మనిషి. పైగా ఎవరు ఎంత ఇచ్చారో మైకులో చదివే అలవాటు ఒకటుంది. అమెరికాలో ఉన్న కొడుకు పంపిన లక్ష రూపాయలకు చప్పట్లు మోగుతున్న మందిరంలో ఈమె ఇచ్చిన మూడు వందలు ఏ లెక్కలోకి వస్తాయి? ఆ అలవాటు మానాలి.

లెక్క అడిగినవారికి వెంటనే వచ్చే జవాబు 105వ కీర్తనలోని మాట: నా అభిషిక్తులను (దేవుడు తన పనికి ప్రత్యేకించినవారిని) ముట్టకూడదు. అయ్యగారు అభిషిక్తుడు కాబట్టి ఆయనను ప్రశ్నించకూడదని దాని భావంగా చెబుతారు. ఆ కీర్తన అబ్రాహాము, ఇస్సాకు, యాకోబులు పరాయి రాజుల మధ్య తిరుగుతున్నప్పుడు దేవుడు వారిని కాపాడిన సంగతి చెబుతోంది. జమాఖర్చులతో దానికి సంబంధం లేదు. సమూయేలు మొదటి గ్రంథం 12వ అధ్యాయంలో వృద్ధుడైన సమూయేలు ప్రవక్త ప్రజలందరి ముందు నిలబడి, నేను ఎవరి ఎద్దునైనా తీసుకున్నానా, ఎవరినైనా మోసగించానా, చెప్పండి అని తానే అడిగాడు. అది కూడా యెహోవా సన్నిధిలో, ఆయన అభిషిక్తుడైన రాజు ఎదుట. అపొస్తలుడైన పౌలు సైతం యెరూషలేముకు చందా పంపేటప్పుడు ఎవరూ తప్పుపట్టకుండా దాని వెంట సంఘాలు ఏర్పరచిన మనిషిని పంపాడు.

రోగాలు నయం కావాలని ప్రార్థించే స్వస్థత కూటముల గురించి ఒక్క మాట. ఆనా కూగ్లర్ అనే మిషనరీ వైద్యురాలు 1883లో గుంటూరు వచ్చి, స్త్రీల కోసం కట్టిన ఆసుపత్రి 1898లో తెరుచుకుంది. అదే ఊళ్లో, క్రీస్తు పేరుతోనే, షుగరు మాత్రలు వాడటం విశ్వాసలోపమని వేదిక మీద నుంచి చెప్పగా నేను స్వయంగా విన్నాను. మందులు మానేసి ప్రాణం మీదికి తెచ్చుకున్నవారి సాక్ష్యాలు ఆ వేదిక మీదికి ఎప్పుడూ రావు.

1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టినప్పటి నుంచి ఈ నేలలో పాతుకున్న పాత మిషన్ సంఘాలకు నియమావళి, ఎన్నికలు, కమిటీలు ఉన్నాయి. అక్కడా ఎన్నికల తగాదాలు, స్థలాల అమ్మకాలు, కోర్టు కేసులు లేకపోలేదు. కానీ కోర్టుకు వెళ్లగలిగే సభ్యుడంటూ ఒకడు అక్కడ ఉన్నాడు.

క్రైస్తవులను నిందించడానికి కాచుకొని ఉన్నవారికి ఇలాంటి రాత ఆయుధమవుతుందని నా మిత్రులు కొందరు వారించారు. మనం మూసిపెట్టిన ప్రతి సంగతినీ ఒకనాడు వారే మనకన్నా కటువుగా బయటపెడతారు గనుక, నేను ఆ సలహా తీసుకోలేదు.

మా సంఘంలో మేము కొందరం కలిసి పెద్దలకు ఒక విన్నపం రాసి ఇచ్చాం. నెలవారీ జమాఖర్చు మందిరం గోడకు అంటించాలని, కానుకలు లెక్కించేటప్పుడు అయ్యగారి కుటుంబానికి చెందని ఇద్దరు, వారిలో ఒకరు స్త్రీ, కూర్చోవాలని, దశమభాగంలో కొంత భర్త లేని స్త్రీల కోసం వేరుగా ఉంచాలని అందులో కోరాం. పెద్దలలో ఇద్దరు సంతకం చేశారు. అయ్యగారు ప్రార్థన చేసి చెబుతానన్నారు. కొత్త సంవత్సరపు ఆరాధన లోపు జవాబు రాకపోతే, ఆ విన్నపాన్ని సంఘమంతటి ముందు చదవడానికి అనుమతి అడగాలని నిర్ణయించుకున్నాం.