ట్రైలర్ కింద స్టెప్నీ: యలహంక నుంచి గండికోట దాకా

బెంగళూరు యలహంకలో పొద్దున నాలుగున్నరకి ట్రైలర్ కింద చాప పరిచి, వెల్లకిలా పడుకుని, టార్చి వెలుగులో స్టెప్నీ బోల్టు మీది తెల్ల పెయింటు గీత చూసుకున్నాకే బండి తీశాం. గీత బోల్టు తల మీంచి కింది ప్లేటు మీదికి ఏకంగా ఉంది. అంటే బోల్టు తిరగలేదు. గాలి 60 పీఎస్ఐ. అంతా సరిగ్గా ఉందనుకున్నాం. ఆ గీత అన్నీ చెప్పదని కదిరి దాటాక తెలిసింది.

మాది ఒక్క యాక్సిల్ మీద నడిచే చిన్న క్యారవాన్ ట్రైలర్. సామాన్లతో 720 కిలోలు. టైర్లు 185 ఆర్14 సి, వెడల్పు దాదాపు 188 మి.మీ. ఇనుప డిస్కుతో కలిపి స్టెప్నీ తూకం వేస్తే 18 కిలోలు వచ్చింది. ఈ బరువుని లోపల పెడితే పడక కింది చోటంతా పోతుంది. వెనక గోడకి తగిలిస్తే పల్చటి గోడ పగులుతుంది. అందుకే ఛాసిస్ కింద. జీపులూ పాత కార్లూ నడిపిన మన పెద్దవాళ్లు వాడిన స్టెప్నీ అన్న మాట వేల్స్ దేశంలోని లనెల్లి ఊళ్లో స్టెప్నీ వీధి నుంచి వచ్చింది. కార్లకి అదనపు చక్రమే లేని 1904లో థామస్ మోరిస్ డేవిస్ అక్కడ దాన్ని తయారుచేసి అమ్మాడు. ఊరి పేరో మనిషి పేరో కాకుండా ఒక వీధి పేరు మన పంక్చర్ షాపుల దాకా వచ్చి నిలిచిపోవడం నాకు ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

కింద అన్నాక ఎక్కడ అన్నది తేల్చుకోవాలి. మాకు మొదట బిగించి ఇచ్చిన వర్క్‌షాపు వాళ్లు యాక్సిల్‌కి 1.1 మీటర్ల వెనక పెట్టారు. కారుకి తగిలించే కొక్కెం నుంచి యాక్సిల్‌కి 2.9 మీటర్లు. లెక్క తేలికే: 18ని 1.1తో గుణించి 2.9తో భాగిస్తే 6.8. అంటే కొక్కెం మీద పడాల్సిన బరువులో దాదాపు ఏడు కిలోలు వెనక స్టెప్నీ లేపేస్తోంది. అదే చక్రాన్ని యాక్సిల్‌కి 0.7 మీటర్ల ముందుకి జరిపితే 4.3 కిలోలు కలుస్తాయి. జరిపాక, కొక్కెం కింద చెక్క దిమ్మె నిలబెట్టి, దాని కింద ఇంట్లో బరువు చూసుకునే తూకం పెట్టి చూస్తే 44 ఉన్నది 55 అయింది. మొత్తం బరువులో ఏడున్నర శాతం పైన. లారీ పక్కనుంచి దూసుకుపోయినప్పుడు ట్రైలర్ తోక ఊపడం తగ్గడానికి ఈ పదకొండు కిలోలు చాలా పనిచేస్తాయి. ముందు పెడితే ఇంకో మేలు, స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు వెనక భాగం నేలకి రాసుకోదు. ఎంత దాకా పెంచొచ్చన్నది మాత్రం లాగే కారు మాన్యువల్‌లో కొక్కెం మీద ఎంత బరువు మోయొచ్చని రాసిందో చూసి తేల్చుకోవాలి.

ఆ పాత బిగింపులో అసలు లోపం వేరే ఉంది. అడ్డంగా వేసిన ఇనుప యాంగిల్ (ఎల్ ఆకారపు పట్టీ) నుంచి 180 మి.మీ. పొడవున్న స్టడ్ (తల లేని బోల్టు) కిందికి వేలాడేది. చక్రం దాంట్లోకి ఎక్కించి కింద నుంచి నట్టు వేయాలి. ఇంటి ముందు చదునుగా ఉన్నచోట బ్రహ్మాండంగా దిగేది. ఛాసిస్ కింది అంచు నేలకి 400 మి.మీ. ఎత్తు, టైరు 188 పోతే కింద 212 మిగులుతుంది. రోడ్డు మీద ఒక టైరు పూర్తిగా చప్పబడితే ఆ పక్క 120 దాకా కుంగుతుంది, మధ్యలో అందులో సగం, 60. అప్పుడు మిగిలేది 152. చక్రం స్టడ్ కొన దాటాలంటే 180 కిందికి దిగాలి. దిగదు. జాకీ వేసి లేపి తీద్దామంటే, జాకీ మీద నిలబడ్డ ట్రైలర్ కిందికి మనిషి దూరాలి. అది ఎన్నడూ చేయకూడని పని. స్టెప్నీ ముందు బయటికి రావాలి, తర్వాతే జాకీ పడాలి. ఈ వరుస తప్పించే బిగింపు ఏదైనా పనికిరాదు.

అందుకని స్టడ్ కోయించి, యాంగిల్ పైపక్క నట్టు వెల్డు చేయించాం. బోల్టు కింద నుంచి పైకి ఎక్కుతుంది. విప్పితే బోల్టు పూర్తిగా చేతికొస్తుంది, చక్రం నేల మీదికి దిగి పక్కకి జారుతుంది. వెల్డు చేసేది మామూలు నట్టే అయి ఉండాలి, నైలాక్ అయితే లోపలి నైలాన్ వేడికి కరిగిపోతుంది. బెంగళూరు జేసీ రోడ్డులో బోల్టు కొనేటప్పుడు ఒక్క కొలత తప్పక చూడండి: ఎం12 (12 మి.మీ. మందం) బోల్టు తల జర్మన్ ప్రమాణం డిన్ 931 ప్రకారం 19 మి.మీ., అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 4014 ప్రకారం 18. రెండూ షాపుల్లో పక్కపక్కనే ఉంటాయి. మా వీల్ నట్లు 19. అందుకే 19 తలే తీసుకున్నాం, ఒకే పానాతో రెండు పనులూ అవుతాయి. చీకట్లో, వానలో ఆ తేడా విలువ తెలుస్తుంది. బోల్టు 8.8 గ్రేడు, 160 పొడవు. యాంగిళ్లని ఛాసిస్‌కి యూ-బోల్టులతోనే పట్టించాం. ఛాసిస్ రైలుకి పై, కింది అంచుల్లోనే ఒత్తిడి ఎక్కువ, అక్కడ రంధ్రం పెడితే పగులు అక్కడే మొదలవుతుంది. వెల్డింగ్ పెడితే జింకు పూత కాలి తుప్పు పడుతుంది.

చక్రం బయటి ముఖం కిందికి ఉండేలా బిగించాం. వాల్వు కిందికి ఉంటుంది కాబట్టి చక్రం దించకుండానే గాలి చూడొచ్చు. తలకిందులుగా పెడితే బోల్టు పొట్టిదైనా సరిపోతుంది గానీ, గాలి చూడటానికి ప్రతిసారీ చక్రం దించాలి. అంత పని ఎవరూ చేయరు. చేయకపోతే ఏమవుతుందో ఈ ప్రయాణమే చూపించింది.

జాతీయ రహదారి 44 మీద దేవనహళ్లి, చిక్కబళ్లాపురం దాకా ఇబ్బందేమీ లేదు. కొత్త బిగింపు ఏదైనా మొదటి 50-80 కిలోమీటర్లలో సర్దుకుంటుంది. పెయింటు పొరలు నలిగి, వాషర్లు కుదురుకుని కాస్త బిగువు పోతుంది. అందుకని బాగేపల్లి టోల్ గేటు దాటాక ఆగి చూశాం. గీత కదల్లేదు. కొడికొండ చెక్‌పోస్టు దగ్గర రహదారి వదిలి గోరంట్ల మీదుగా కదిరి. ఊరూరా స్పీడ్ బ్రేకర్లు, కొన్నింటికి రంగు కూడా లేదు.

కదిరి నుంచి పులివెందుల వెళ్లే దారిలో, గంటకి నలభైలో పోతుంటే, కింద నుంచి టక్ టక్ మని చప్పుడు. ట్రైలర్‌తో వెళ్లేవాళ్లు అద్దాలు కాస్త దించుకుని నడపడం మంచిది, ఈ చప్పుడు మూసిన కారులో వినపడదు. పక్కకి ఆపి చూస్తే పెయింటు గీత ఉన్నచోటే ఉంది. బోల్టు వెంట్రుకవాసి కూడా తిరగలేదు. అయినా చక్రాన్ని చేత్తో పట్టి ఊపితే ఊగుతోంది. గాలి చూస్తే 38.

గాలి తగ్గినందుకు బిగువు పోయింది. మా బిగింపులో బోల్టు లాగుతుంటే టైరు యాంగిళ్ల మీద నొక్కుకుంటుంది. ఆ నొక్కుడే బోల్టుకి బిగువు. స్ప్రింగు పని చేస్తున్నది టైరులోని గాలి. అది 60 నుంచి 38కి పడితే టైరు మెత్తబడి, బోల్టు కదలకుండానే బిగువు సడలిపోతుంది. ఇంకొన్ని కిలోమీటర్లు అలాగే పోతే రెండో దశ మొదలయ్యేది. వదులైన చక్రం అడ్డంగా అటూ ఇటూ జరుగుతుంది, ఆ అడ్డపు కదలికే మరలని తిప్పి విప్పుతుంది. జర్మన్ ఇంజనీరు గెర్హార్డ్ యుంకర్ 1969లో చూపించింది ఇదే: నిలువు కుదుపు కంటే అడ్డపు జారుడు బోల్టుని త్వరగా విప్పుతుంది. ఆ పరీక్షలో మామూలు స్ప్రింగు వాషరు దాదాపు అక్కరకి రాదు. నిజానికి బలం సమస్యే కాదు. 18 కిలోల చక్రం పెద్ద గుంతలో మూడింతలు బరువెక్కినా 54 కిలోలే. ఎం12 బోల్టు దానికి ఎన్నో రెట్లు మోస్తుంది. తెగి పడిపోయే స్టెప్నీలు తక్కువ, వదులై విప్పుకుని పడేవే ఎక్కువ. వెనక బైకు మీద వస్తున్న మనిషికి ఆ తేడాతో పనిలేదు.

గాలి పోయింది వాల్వు పిన్ను దగ్గర. మూత లేదు, దుమ్ము చేరి పిన్ను సరిగ్గా కూర్చోలేదు. సబ్బునీళ్లు వేస్తే చిన్న బుడగలు. పిన్ను తీసి కొత్తది వేశాం (రెండు రూపాయల మూతలా చూస్తాం గానీ, కింద వేలాడే చక్రానికి లోపల రబ్బరు ఉన్న లోహపు మూతే పెట్టాలి). పులివెందులలో పంక్చర్ షాపు ఆయన గాలి పడుతూ చక్రాన్ని ఒకసారి తట్టి చూశాడు.

"అన్నా, బోల్టు బిగిస్తే చాలదు. టైరు మీద భారం పెట్టి బిగించినారు, గాలి పోతే అదీ పోతాది. లోపల పైపు ముక్క ఏసుకోండి."

ఆయన చెప్పింది అక్షరాలా సరైన మందు. పక్కనే వెల్డింగ్ షాపు. చేసిన పని ఇది. టైరుకి 60 గాలి పట్టించి, యాంగిళ్లకి ఊరికే తగిలేంత ఎత్తులో పెట్టి, యాంగిల్ కింది అంచు నుంచి డిస్కు పైముఖం దాకా కొలిస్తే 132 మి.మీ. టైరు 8 మి.మీ. నలగాలని పెట్టుకున్నాం: 124. డిస్కు పైన కూర్చునే 6 మి.మీ. మందం గుండ్రటి ప్లేటు పోగా పైపు 118. అర అంగుళం జీఐ పైపు లోపలి కొలత దాదాపు 16 ఉంటుంది, ఎం12 బోల్టు సులువుగా దూరుతుంది. రెండు కొనలూ లంబంగా కోసి, ఆకురాయితో చదును చేయించి, ప్లేటుకి వెల్డు చేయించాం. ఇప్పుడు బోల్టు బిగిస్తే యాంగిల్, పైపు, ప్లేటు, డిస్కు, కింది ప్లేటు ఇనుముకి ఇనుము కలిసి ఆగుతాయి. బోల్టు బిగువు ఆ ఇనుములో ఉంటుంది. టైరు నలుగుడు చక్రం ఊగకుండా పట్టడానికి మాత్రమే. గాలి సగం పోయినా బోల్టు వదులవదు.

ఇందులో రెండు తప్పులు చేసే వీలుంది. గాలి తక్కువున్న టైరుతో కొలిస్తే పైపు పొట్టిదవుతుంది, తర్వాత పూర్తి గాలి పట్టాక బోల్టు ఎంత బిగించినా ఇనుము ఇనుముని తాకదు. రెండోది, పైపుని యాంగిల్‌కి వెల్డు చేయడం. అలా చేస్తే 124 మి.మీ. స్తంభం శాశ్వతంగా కిందికి వేలాడుతుంది, టైరు చప్పబడ్డప్పుడు మిగిలే 152లో చక్రం పక్కకి జారడానికి 28 మాత్రమే ఉంటుంది. పైపు చక్రంతోపాటే ఊడి రావాలి.

ఇనుముకి ఇనుము అయ్యాక టార్క్ రెంచి (ఎంత బలంతో తిప్పామో కొలిచే పానా) మాటకి అర్థం వచ్చింది. 70 న్యూటన్ మీటర్లకి బిగించాం. మరలకి తుప్పు పట్టకుండా గ్రీజు రాసేవాళ్లు ఆ అంకెని పావు వంతు తగ్గించుకోవాలి, జారుడు వల్ల అదే టార్క్‌కి బోల్టు ఎక్కువ సాగుతుంది. మేం గ్రీజు బదులు నీలం రంగు థ్రెడ్ లాకర్ (మరలు వదులవకుండా పట్టే జిగురు) వేశాం. ఎరుపు వద్దు, వేడి చేయనిదే విడిపోదు.

దీనికి తోడు ఒక రెండో కాపు ఉండి తీరాలి. 8 మి.మీ. చైను డిస్కు రంధ్రంలోంచి దూర్చి, అడ్డ యాంగిల్ చుట్టూ తిప్పి డీ-షాకిల్ (పిన్నుతో మూసే ఇనుప కొక్కి) వేశాం. షాకిల్ పిన్నుకి తీగ చుట్టాలి. చైను వదులు 50 మి.మీ. దాటకూడదు. బోల్టు పోయినా చక్రం నేలని తాకకుండా వేలాడాలి, అంతే. బట్ట పట్టీలు వద్దే వద్దు. కింద రాళ్ల దెబ్బకి అంచులు తెగుతాయి, తడిస్తే సాగుతాయి.

ముద్దనూరు, జమ్మలమడుగు దాటి గండికోట చేరేసరికి ఎండ వాలుతోంది. ఎర్రమల కొండల్ని పెన్న కోసిన లోయ అంచున, సాయంత్రపు వెలుతురులో బండరాళ్లు ఎర్రగా మెరిశాయి. మాధవరాయ ఆలయం, పెద్ద ధాన్యాగారం, జామా మసీదు ఒకే కోటలో కూతవేటు దూరంలో ఉన్నాయి. రాత్రి చలి బాగానే ఉంది.

తెల్లారి చూస్తే స్టెప్నీ గాలి 57. ముందురోజు పులివెందులలో 60 పట్టించాం కదా, మళ్లీ లీకేనా అని మా బావ కిందికి దూరబోయాడు. అవసరం లేదు. మధ్యాహ్నం 31 డిగ్రీల్లో పట్టిన గాలి, పొద్దున 18 డిగ్రీలకి చల్లబడితే మూడు పీఎస్ఐ తగ్గుతుంది. దీన్ని లీకు అనుకుని పొద్దున 60కి నింపితే తప్పేమీ కాదు. కానీ రోజూ ఇలా తేడా వేడిదా, లీకుదా తెలియక గందరగోళపడే బదులు వాల్వు మీద ఉమ్మి రాసి అరనిమిషం చూస్తే తేలిపోతుంది. మా టైరు సైడ్‌వాల్ మీద గరిష్ఠం 65. నడిచే టైర్లలో 50 ఉంచుతాం, స్టెప్నీలో 60. అవసరమైనప్పుడు రోడ్డు పక్కన గాలి వదలడం తేలిక, పట్టడం కష్టం. సైడ్‌వాల్ మీది నాలుగంకెల తేదీ కూడా అప్పుడే చూసుకున్నాం. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. స్టెప్నీ అరగక ముందే ముసలిదవుతుంది. ఆరేళ్లు దాటితే తొక్కు కొత్తగా మెరుస్తున్నా మార్చాల్సిందే.

తిరుగు ప్రయాణంలో కదిరి దగ్గర ఖాళీ స్థలం చూసి పూర్తి కసరత్తు చేశాం. ట్రైలర్ కారుకే తగిలించి ఉంచి, హ్యాండ్ బ్రేకు, రెండో చక్రానికి ముందూ వెనకా దిమ్మెలు. షాకిల్ విప్పి, బోల్టు తీసి, చక్రం నేలకి దించి బయటికి లాగాం. ఆ తర్వాతే వీల్ నట్లు పావు తిప్పు వదులు చేసి, యాక్సిల్ కింద స్ప్రింగు పక్కన జాకీ. బాడీ అంచున వేస్తే రేకు వంగుతుంది. మార్చి, నట్లు ఎదురెదురు వరుసలో బిగించి, దించాక 100 న్యూటన్ మీటర్లు. మొత్తం 22 నిమిషాలు. హైవే మీద ఇంత సేపు నిలబడలేని చోట ఆగిపోతే జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేయడమే మేలు.

రాత్రి ఎనిమిదికి యలహంకలో మళ్లీ చాప పరిచాం. గీత కదల్లేదు, చక్రం ఊగలేదు, మీటరు 59 చూపించింది. 22 డిగ్రీల చల్లదనం తగ్గించిన దాంట్లో కొంత బెంగళూరు ఎత్తు తిరిగి ఇచ్చింది. ఇక్కడ బయటి గాలి పల్చన, మీటరు ఒక పీఎస్ఐ ఎక్కువ చూపిస్తుంది. పాత వాల్వు పిన్ను పారేసి, రెండు కొత్తవి, ఒక లోహపు మూత, 19 పానా, షాకిల్ తీగ ముక్క కలిపి జాకీ సంచిలోనే కట్టేశాం.