మాస్ట్ దించితేనే తెలిసింది పడవ సంగతి

చిన్న తెరచాప పడవ ఒకటి కొనాలని మావాడూ నేనూ ఎప్పట్నుంచో అనుకుంటున్నాం, పాతకాలం రిగ్ (తెరచాప, దాని స్తంభం, తాళ్ల అమరిక) ఉండాలి, కాలవల్లో తిరగాలి, గాలి బాగుంటే పెద్ద నీళ్లలోకీ పోవాలి. కొలతలు చూసుకుంటూ ఇంట్లో కూర్చుని కొట్టుకుంటే తేలే వ్యవహారం కాదని నెదర్లాండ్స్‌లో ఫ్రీస్‌లాండ్ వెళ్లి, స్నేక్ అనే ఊళ్లో ఒక గ్యాఫ్ రిగ్ పడవ, అంటే నాలుగు మూలల తెరచాపకి పైన కూడా ఒక కర్ర ఉండేది, అద్దెకి తీసుకున్నాం. ఆ ఊళ్లో 1613 నాటి వాటర్‌పోర్ట్ అనే నీటి ద్వారం ఉంది, ఫోటోల్లో చూసిందే, బాగుంది.

అసలు పని వంతెనల దగ్గర మొదలైంది. కొన్ని మన కోసం ఎత్తుతారు, కొన్నిచోట్ల వంతెన మనిషి గాలానికి కట్టిన చెక్క చెప్పు కిందికి వదులుతాడు, అందులో చిల్లర వేసి పోవాలి. కదలని వంతెనలైతే మాస్ట్, అంటే తెరచాప స్తంభం, దించాల్సిందే. "ఒరేయ్ వచ్చేస్తోంది, తాడు వదలరా" అని వీడి అరుపులు. తెరచాప దించి, పైకర్రా కిందికర్రా కట్టేసి, ముందు తాడు కప్పీ మీద మెల్లగా వదుల్తుంటే మాస్ట్ అడుగున ఉన్న కీలు మీద వెనక్కి వాలి ఊతకర్ర మీద పడుకుంటుంది. పక్క వైర్లు ఆ కీలుకి సరిగ్గా ఎదురుగా, అదే ఎత్తులో బిగించి ఉంటే దించేటప్పుడు కూడా బిగువుగానే ఉంటాయి, లేదంటే వదులైపోయి మాస్ట్ పక్కలకి ఊగుతుంది. పడవ చూడ్డానికి వెళ్తే నేనైతే ముందు ఇదే చూస్తా, పెయింట్ తర్వాత. గ్యాఫ్‌లో ఇంకో సుఖం ఏంటంటే మాస్ట్ పొట్టి, పడుకోబెట్టినా వెనక పెద్దగా పొడుచుకు రాదు, పొడుగు మాస్ట్, మూడు మూలల తెరచాప ఉండే బెర్ముడా రిగ్ వాళ్లకి ఆ తంటా ఉంటుంది.

ప్రిన్సెస్ మార్‌గ్రీట్ కాలవలో పెద్ద సరుకు పడవలు పోతుంటే నీళ్లు ఒక్కసారి లాగేస్తాయి, అక్కడ మోటార్ నమ్మకంగా ఉండాలి, అంతే.

లెమ్మర్ దాటి ఐసెల్‌మేర్‌లోకి వెళ్లాం. ఇదివరకు సముద్రమే, 1932లో ఆనకట్ట కట్టేశాక సరస్సయింది, లోతు తక్కువ కాబట్టి గాలి లేస్తే పొట్టి పొట్టి నిటారు అలలు. సెంటర్‌బోర్డ్, అంటే పడవ అడుగు నుంచి నీళ్లలోకి దించే పలక, పూర్తిగా దించితే గానీ గాలికి ఎదురు పోవడం కుదరలేదు, అప్పుడు కూడా గ్యాఫ్ కాబట్టి గాలి వచ్చే దిక్కుకి మరీ దగ్గరగా పోదు, గాలి అడ్డంగా వస్తే మాత్రం హాయిగా లాక్కుపోతుంది. ఆ బోర్డ్ పెట్టె క్యాబిన్ మధ్యలో ఉండి మోకాళ్లకి తగుల్తూనే ఉంది, ఐనా లోతులేని నీళ్లలోకి పోవాలంటే భరించాలి.

ఇక కొనే సంగతికొస్తే, మావాడి మనసు కార్నిష్ ష్రింపర్ 19 అనే పడవ మీద ఉంది, బోర్డ్ ఎత్తితే అర మీటర్ లోపు నీళ్లు చాలు, క్యాబిన్ ఉంది. కానీ వెడల్పు 2.18 మీటర్లు, ఇంగ్లాండ్ సన్న కాలవల్లో లాకులు 7 అడుగులే, అంటే సుమారు 2.13 మీటర్లు, దూరదు కదా. నేను చెప్పే డ్రాస్కోంబ్ లగ్గర్ అనే పడవ ఐతే 1.9 మీటర్లు, హాయిగా పడుతుంది, మాస్ట్‌లు కూడా తేలికే, కాకపోతే క్యాబిన్ లేదు, టెంట్ కింద పడుకోవాలి. వానలో ఆ టెంట్ సంగతి చెప్తే వీడు మొహం తిప్పుకున్నాడు. ఫ్రీస్‌లాండ్, ఫ్రాన్స్ కాలవలే చాలనుకుంటే వాడి మాటే రైటు, ఇంగ్లాండ్ కూడా కావాలంటే నాది, ఇంకా తేలలేదు.