రికార్డుకు బాధ్యులెవరు? సమాచార హక్కు బిట్లలో మార్కు పోయే చోటు

కావలి నుంచి ఒంగోలు దాకా ఏ రీడింగ్ రూములో చూసినా గ్రూప్స్ వాళ్లు సమాచార హక్కు చట్టంలోని అంకెల్ని, అంటే జవాబుకు 30 రోజులు, ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించినదైతే 48 గంటలు, ఆలస్యానికి జరిమానా రోజుకు 250 అంటూ బట్టీ కొడుతుంటారు. అంకెలు అందరికీ వస్తాయి. మార్కు పోయేది ‘ఎవరు’ అన్న దగ్గర. నోట్సులో ఎడమ పక్క సెక్షను, కుడి పక్క బాధ్యుడి హోదా మాత్రమే రాసుకోండి. కుడి పక్క మూసి ఒప్పజెప్పుకోండి.

సెక్షన్ 4(1)(ఎ) కింద రికార్డులకు జాబితా, సూచిక తయారుచేసి ఉంచాల్సింది ప్రభుత్వ సంస్థ. దరఖాస్తులకు జవాబిచ్చే ప్రజా సమాచార అధికారి అని పెడితే తప్పే. ఆయన సెక్షన్ 5లో వస్తాడు. సహాయ ప్రజా సమాచార అధికారి పని దరఖాస్తు తీసుకుని పై అధికారికి పంపడం. అక్కడ ఇస్తే గడువుకు 5 రోజులు కలుస్తాయి. చాలామంది దాటేసేది 5(4), 5(5). ప్రజా సమాచార అధికారి సాయం అడిగిన సీటు గుమాస్తా కూడా ఆ దరఖాస్తు వరకు ప్రజా సమాచార అధికారి కిందే లెక్క. ఫైలు తొక్కిపెడితే సెక్షన్ 20 జరిమానా, గరిష్ఠంగా 25,000 రూపాయలు, అతని మీదే పడొచ్చు. మొదటి అప్పీలు అధికారికి ఆ జరిమానా వర్తించదు. ఆప్షన్లలో మాత్రం ఆయన తప్పకుండా కూర్చుంటాడు.

దరఖాస్తు బదిలీ గురించి చెప్పే 6(3) అర్థం కావాలంటే కందుకూరును తలుచుకోండి. 1970 ఫిబ్రవరి దాకా నెల్లూరు జిల్లా, తర్వాత ప్రకాశం, 2022 ఏప్రిల్‌లో మళ్లీ నెల్లూరుకు మారింది. పాత భూమి ఫైలు ఏ కలెక్టరేట్లో ఉందో దరఖాస్తుదారుకు ఎలా తెలుస్తుంది? ‘మా దగ్గర లేదు’ అని తిప్పి పంపకూడదు. 5 రోజుల్లో సంబంధిత కార్యాలయానికి బదిలీ చేసి, ఆ సంగతి అతనికి చెప్పాలి. ‘ఫైలు కనబడటం లేదు’ అన్నది, సమాచారం ఇవ్వనక్కర్లేని సందర్భాలు చెప్పే సెక్షన్ 8 మినహాయింపుల్లో ఎక్కడా లేదు.

రికార్డ్స్ ఆఫీసర్ అన్న మాట కనబడగానే 1993 పబ్లిక్ రికార్డుల చట్టం గుర్తు రావాలి. అది కేంద్రానికి, కేంద్రపాలిత ప్రాంతాలకు, కేంద్ర సంస్థలకు. నిబంధనలు కాదని రికార్డు నాశనం చేస్తే 5 ఏళ్ల వరకు జైలు, లేదా 10,000 వరకు జరిమానా, లేదా రెండూ. మన తహశీల్దారు ఆఫీసు దీని కిందికి రాదు. అక్కడ నడిచేది జిల్లా ఆఫీసు మాన్యువల్. ముగిసిన ఫైలును ఎన్నాళ్లు ఉంచాలో దాని మీది గుర్తే చెబుతుంది: ఆర్.డిస్ శాశ్వతం, డి.డిస్ పదేళ్లు, ఎల్.డిస్ ఏడాది.

గోప్యత దగ్గర పాత మెటీరియల్ ముంచేస్తుంది. వ్యక్తిగత సమాచారం ఇవ్వకుండా ఉండేందుకు వీలిచ్చే సమాచార హక్కు చట్టం 8(1)(జె)లో ఇంతకుముందు ‘ప్రజా కార్యకలాపాలతో సంబంధం లేని’ వంటి షరతులుండేవి. చట్టసభకు నిరాకరించలేనిది పౌరుడికీ నిరాకరించకూడదన్న నియమమూ ఉండేది. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సెక్షన్ 44(3) వాటన్నిటినీ కొట్టేసి ‘వ్యక్తిగత సమాచారానికి సంబంధించినది’ అన్న ఒక్క ముక్క మిగిల్చింది. 2025 నవంబరు నుంచి ఇదే అమల్లో ఉంది. సవరణ రాసి ఊరుకోకండి. ప్రజా ప్రయోజనం ఎక్కువైతే వెల్లడించవచ్చనే 8(2) ఇంకా బతికే ఉంది. మెయిన్స్‌లో, గోప్యత ప్రాథమిక హక్కన్న 2017 పుట్టస్వామి తీర్పునూ ఈ సవరణనూ ఎదురెదురుగా నిలబెట్టండి.

ఆ కొత్త చట్టంలోనే ఇంకో ఉచ్చు. డేటా ప్రొటెక్షన్ ఆఫీసరు ప్రతి ఆఫీసుకూ ఉండడు. డేటా ఫిడ్యూషియరీ అంటే మన వివరాలను ఎందుకు, ఎలా వాడాలో నిర్ణయించే సంస్థ. వాటిలో కేంద్రం నోటిఫై చేసిన ‘ముఖ్యమైన డేటా ఫిడ్యూషియరీ’లకే ఈ ఆఫీసరు తప్పనిసరి. మిగతా చోట్ల బాధ్యత ఫిడ్యూషియరీదే. కంప్యూటర్ పని బయటి ఏజెన్సీకి కాంట్రాక్టిచ్చినా సరే, అక్కడి నుంచి వివరాలు బయటికి పొక్కితే జవాబు చెప్పాల్సింది అప్పగించిన సంస్థే.