మీటింగులో లేనివాడికీ తెలియాలి

టీముకి ఏ సాఫ్ట్‌వేర్ తీసుకుందాం అన్న చర్చ వచ్చినప్పుడల్లా అందరూ అడిగేవి ఒకటే. చాట్ ఎంత స్పీడుగా ఉంది, వీడియో కాల్‌లో ఎంతమంది పడతారు, మనిషికి నెలకి ఎంతవుతుంది. నేను ముందు ఒక్కటే చూస్తాను. ఇవాళ నలుగురం కూర్చుని ఒక నిర్ణయం తీసుకున్నాం, అది ఎందుకు తీసుకున్నామో ఆర్నెల్ల తర్వాత చేరినవాడికి ఎవరినీ అడక్కుండా దొరుకుతుందా? దొరక్కపోతే మిగతావన్నీ ఎంత బాగున్నా నాకు అక్కర్లేదు.

హైదరాబాదులో కూర్చుని డల్లాస్ వాళ్ళతో పనిచేసేవాళ్ళకి ఈ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు. అక్కడ పొద్దున తొమ్మిదయ్యేసరికి మనకి రాత్రి ఏడున్నర, వాళ్ళు గడియారం వెనక్కి తిప్పే చలికాలంలో అయితే ఎనిమిదిన్నర. రెండు వైపులా బుర్ర పనిచేసే స్థితిలో ఉండేది రోజుకి గంట, మహా అయితే రెండు గంటలు, అది కాస్తా స్టేటస్ చెప్పుకోవడానికే సరిపోతుంది. మిగతాదంతా రాత మీదే నడవాలి. మనం పడుకునే ముందు రాసిపెట్టింది చదివి వాళ్ళు మొదలుపెట్టాలి, వాళ్ళు రాసిపెట్టింది చదివి పొద్దున్నే మనం అందుకోవాలి. ఆ రాసింది అర్థం కాలేదంటే, ఒక్క ప్రశ్నకి ఒక రోజు పోయినట్టే.

ఇంతకుముందు నేను పనిచేసిన ఒక టీములో కస్టమర్ల అడ్రసుల టేబుల్ ఉండేది. అందులో మన పిన్ కోడ్ లాంటి అమెరికా జిప్ కోడ్‌ని నంబరుగా కాకుండా టెక్స్ట్‌గా పెట్టారు. కొత్తగా చేరిన కుర్రాడు చూసి, ఐదంకెలకి టెక్స్ట్ ఎందుకులే అనుకుని నంబరుగా మార్చేశాడు. అతన్ని తప్పు పట్టడానికి లేదు, ఎవరైనా అలాగే అనుకుంటారు. కానీ న్యూజెర్సీలో, మనవాళ్ళు బోలెడంతమంది ఉండే ఎడిసన్‌లో, జిప్ కోడ్లు 08817, 08820. బోస్టన్ వైపూ సున్నాతోనే మొదలవుతాయి. నంబరుగా మార్చగానే ముందున్న సున్నా ఎగిరిపోయి 8817 మిగిలింది, అలాంటి అడ్రసులన్నీ చెల్లవని వెనక్కి రావడం మొదలైంది. నాకు బాధనిపించింది ఏమిటంటే, మార్చేముందు ఆ కుర్రాడు చేయాల్సింది చేశాడు. కోడ్‌లో జరిగిన ప్రతి మార్పునీ గుర్తుపెట్టుకునే గిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో 'బ్లేమ్' అన్న కమాండ్ కొట్టి ఆ లైను ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో, ఎందుకు రాశారో చూశాడు. పేరుంది, తేదీ ఉంది. కారణం ఉండాల్సిన చోట 'ఫిక్స్' అని ఒక్క ముక్క ఉంది. రాసినాయన ఎప్పుడో కంపెనీ మారిపోయాడు. "న్యూజెర్సీ జిప్ కోడ్లు సున్నాతో మొదలవుతాయి, నంబరుగా మార్చొద్దు" అని అరనిమిషంలో రాయగలిగే వాక్యం ఒకటి లేకపోబట్టి రెండు దేశాల్లో జనం రాత్రంతా టెన్షన్ పడ్డారు.

గిట్‌ని లైనస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో రాసింది లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్ కోసం. అప్పటిదాకా ఇదే పనికి వాడుతున్న బిట్‌కీపర్‌ని ఉచితంగా వాడుకునే వీలు పోయింది, దాంతో సొంతంగా రాసుకున్నాడు. కెర్నెల్‌లో పనిచేసేవాళ్ళు ప్రపంచమంతటా ఉన్నారు, చాలామంది ఒకరినొకరు చూసి కూడా ఉండరు. అందుకే అక్కడ ఏ మార్పు పంపినా సమస్య ఏమిటి, ఎందుకిలా మార్చాల్సొచ్చింది అని రాయమంటారు. పాత మార్పు వల్ల వచ్చిన బగ్‌ని సరిచేస్తుంటే 'ఫిక్సెస్' అని ఆ పాత మార్పు గుర్తుని కూడా జతచేస్తారు. మారింది ఒక్క లైనే అయినా పైన మూడు పేరాల వివరణ ఉన్నవి అందులో కనిపిస్తుంటాయి. అవి చదువుతుంటే నాకు ముచ్చటేస్తుంది. ఎప్పుడో పదేళ్ళకి వచ్చి చదివే, ముక్కూమొహం తెలియనివాడి కోసం అంత ఓపిగ్గా రాశారు కదా అని. అదే గిట్ మన దగ్గరా ఉంది, అందులో మనం రాసేది 'అప్‌డేట్', 'ఫైనల్', 'ఫైనల్ 2'.

ఇక చాట్. ఆఫీసు టీములు వాడే చాట్ యాప్ స్లాక్ నిజానికి గ్లిచ్ అనే ఆన్‌లైన్ గేమ్ తయారుచేస్తున్న టీము తమలో తాము మాట్లాడుకోవడానికి కట్టుకున్నది. 2012లో గేమ్ మూతపడింది, చాట్ మాత్రం నిలబడింది, 2021లో సేల్స్‌ఫోర్స్ అనే కంపెనీ దాన్ని 2,770 కోట్ల డాలర్లకి కొంది. పాత మాటలన్నీ వెతుక్కోవచ్చు అన్నదే దాని బలం. అయితే 2022 సెప్టెంబరు నుంచి ఉచిత ప్లాన్‌లో 90 రోజులు దాటిన మెసేజీలు కనిపించవు. చిన్న స్టార్టప్‌లు, వాలంటీర్ల గుంపులు ఎక్కువగా ఉండేది ఆ ప్లాన్‌లోనే, వాళ్ళు ముఖ్యమైనవన్నీ అందులోనే మాట్లాడుకుని వదిలేస్తే ఉగాదికి అనుకున్నది శ్రావణానికి ఉండదు. డబ్బు కట్టినంత మాత్రాన అంతా బాగుంటుందనీ కాదు. వెతికితే "సరే, అలాగే చేద్దాం" అన్న మెసేజ్ దొరుకుతుంది, దేన్ని అలాగే చేద్దామన్నారో తెలియాలంటే పైకి జరుపుతూ పోవాలి, మధ్యలో ఎవరిదో పుట్టినరోజు, కేకు ఫోటోలు, వరసగా శుభాకాంక్షలు. వాట్సాప్ గ్రూపులో ఆఫీసు పని నడపడం నాకు అస్సలు ఇష్టం లేదు. పెద్దమ్మ పంపిన గుడ్ మార్నింగ్‌కీ ప్రొడక్షన్ (కస్టమర్లు వాడే అసలు సిస్టమ్) ఆగిపోయిందన్న కబురుకీ అదే ఫోను, అదే మోత.

చాట్ తప్పదు అనుకుంటే ఒకసారి జూలిప్ చూడండి. 2015 నుంచి ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్ ఎవరైనా తీసుకోవచ్చు, మీ సర్వర్ మీద మీరే పెట్టుకోవచ్చు. అందులో మాటలన్నీ టాపిక్ పేరు కింద పడతాయి. మొదటివారం టాపిక్ పేరు పెట్టాలంటే విసుగ్గానే ఉంటుంది. కానీ పండక్కి ఊరెళ్ళి వచ్చినప్పుడు తెలుస్తుంది దాని విలువ. మనకి సంబంధించిన నాలుగు టాపిక్‌లు మొదటినుంచి చివరిదాకా చదువుకుంటాం, మిగతావి వదిలేస్తాం. రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషని తయారుచేసే టీములు దాన్నే వాడుతున్నాయి, చాలావరకు అందరూ చూసేలాగే మాట్లాడుకుంటాయి.

ఒకే డాక్యుమెంటులో ఇద్దరు ఒకేసారి టైప్ చేయడం ఇప్పుడు ఎవరికీ వింత కాదు గానీ, దాని వెనక పని తేలికైంది కాదు. నేను పేరా మొదట్లో ఐదక్షరాలు చేర్చాను, అదే క్షణంలో మీరు ఇరవయ్యో అక్షరం తీసేశారు అనుకోండి. మీ మార్పు నా దగ్గరికి చేరేసరికి ఇరవయ్యో చోట ఇంకేదో ఉంటుంది, కాబట్టి దాన్ని ఇరవయ్యైదుకి జరిపి తీసేయాలి. ఈ జరపడమెలాగో క్లారెన్స్ ఎలిస్, సైమన్ గిబ్స్ అనే ఇద్దరు 1989లో పేపరు రాశారు. గూగుల్ డాక్స్ నడిచేది ఆ దారినే. (మన లిపిలో ఇదింకా చిక్కు, 'లక్ష్మి'లో 'క్ష్మి' చూడ్డానికి ఒక్కటే, కంప్యూటర్ లెక్కలో ఆరు.) ఇంత చేసినా నాకు అందులో ఎక్కువ పనికొచ్చేది రెండు కర్సర్లు పక్కపక్కనే కదలడం కాదు. పక్కన పెట్టే కామెంట్. ఏ వాక్యం గురించి వాదించుకున్నామో ఆ వాక్యం పక్కనే వాదన ఉంటుంది, పని అయిపోయాక మూసేసినా కామెంట్ల చరిత్రలో మళ్ళీ తెరిచి చూసుకోవచ్చు.

ఈ విషయంలో నాకు బాగా నచ్చింది మాత్రం పైసా లైసెన్సు ఖర్చు లేనిది, మన తెలుగు వికీపీడియా. 2003 డిసెంబరులో మొదలైంది. ప్రతి వ్యాసానికీ పైన 'చర్చ' ఉంటుంది, 'చరిత్ర' ఉంటుంది. ఒక ఊరి పేరు ఇలా ఎందుకు రాశారు, ఒక పేరా ఎందుకు తీసేశారు అని సందేహమొస్తే ఎవరికీ ఫోన్ చేయక్కర్లేదు, చరిత్ర నొక్కితే పాత కూర్పులన్నీ తేదీలతో వస్తాయి, చర్చ నొక్కితే వాదోపవాదాలు ఉంటాయి. అందరికీ సంబంధించినవి రచ్చబండ పేజీలో తేల్చుకుంటారు. జీతం లేదు, మేనేజరు లేడు, రాసేవాళ్ళు తలో ఊళ్ళో ఉంటారు, అయినా పని అంతా బహిరంగంగా, ఆధారాలతో నడుస్తోంది. లక్షలు పోసి లైసెన్సులు కొన్న చోట ఇంత స్పష్టత నేను చూడలేదు.

చివరగా, ఈ వారమే చేసుకోగలిగిన పని ఒకటుంది. మీ టీము గూగుల్ వాడుతుంటే ముఖ్యమైన డాక్యుమెంట్లు ఎవరి సొంత డ్రైవ్‌లో ఉన్నాయో చూడండి. అవి ఆ మనిషి ఖాతాకి చెందినవి, ఆ మనిషి మానేశాక ఖాతాని తీసేసేటప్పుడు ఎవరైనా గుర్తుపెట్టుకుని వేరేవాళ్ళకి బదిలీ చేయకపోతే అవీ పోతాయి. షేర్డ్ డ్రైవ్‌లోకి మారిస్తే టీము పేరు మీద ఉంటాయి. నోటీసు పీరియడ్ ఆఖరి రోజున, ల్యాప్‌టాప్ అప్పగించే హడావిడిలో ఈ పని పెట్టుకోకండి.